బూడిదరంగు ట్రాన్స్‌ఫార్మరు

పాత సామాన్ల యార్డు, కాపలా గది
సోమవారం

ప్రసంగాల బావగారికి,

మీ చెల్లెలి మొగుడు రాస్తున్నాడు. మూర్ఛపోకండి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా అంతట నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలని నాకూ తెలుసు. మందిరానికి వస్తానని చెప్పడానికి కాదు, మరీ ఆశపడకండి.

మా ఓనరు మూతబడ్డ రేడియో స్టేషను సామాను లారీల కొద్దీ వేలంలో కొన్నాడు. రాగి తీగ చుట్టలు ఒక పక్క, ఇనప పెట్టెలు ఒక పక్క. ఆ పెట్టెలన్నీ ట్రాన్స్‌ఫార్మర్లట. వాటి వివరాలు రాసిన రేకులు ఎప్పుడో ఊడిపోయాయి. మీరు పాతకాలపు వాల్వులతో ట్రాన్స్‌మిటర్లు కట్టి ఎక్కడెక్కడి వాళ్ళతోనో గాల్లో కబుర్లు చెబుతారు కదా, నాకూ ఒకటి కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. ఏ పెట్టె ఏమిటో గుర్తుపట్టడం ఎలా? ముఖ్యంగా, అన్నిటికంటే ఎక్కువ వోల్టులు ఇచ్చేదాన్ని ఎలా కనిపెట్టాలి?

ఇక్కడ సంగతులు బాగాలేవు. రైలు హాల్టు వైపు గోడ విరిగిపడింది చూడండి, అక్కడ ముళ్ళతీగ కట్టాం. దాని కిందనుంచి దూరి రాగి ఎత్తుకుపోతున్నారు. "ఇంకొక్క చుట్ట పోయిందంటే నువ్వూ నీ పెళ్ళామూ ఈ గది ఖాళీ చేసి రోడ్డు మీద వండుకు తినండి" అన్నాడు ఓనరు. మనసు కాస్త మళ్ళించుకుందామని ఈ రేడియో సరదా. అంతే.

మీ చెల్లెలు నా భుజం మీంచి చదువుతూ నవ్వుతోంది. కింద రెండు ముక్కలు రాస్తుందట.

అన్నయ్యా, ఈయన బల్బు మార్చమంటే కుర్చీ విరగ్గొట్టిన మనిషి. దగ్గరుండి నేర్పినట్టు నేర్పు. — చెల్లి


ప్రార్థన మందిరం, వెనక గది
శనివారం

బావా,

నీ గుమ్మానికీ, గుమ్మం దాటి నీ బుర్రకీ కూడా సమాధానం కలుగుగాక!

ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తప్పిపోయిన గొర్రె తనంతట తానే వచ్చి దొడ్డి తలుపు కొడితే కాపరి కూర్చుని ఉంటాడా? నీ చెవికి వాక్యం ఎక్కదని ఏనాడో తేలిపోయింది. చేతికైనా ఒక మంచి పని అంటితే అదే దారి చూపిస్తుందని నా మొర. ఇవాళ్టినుంచి "మీరు"లూ "గారు"లూ నా వైపు నుంచి బంద్. శిష్యుణ్ణి గారూ అనే గురువు ఎక్కడా లేడు.

విను. ట్రాన్స్‌ఫార్మర్లను గుర్తుపట్టడమంటే ఆత్మల్ని వివేచించడమే. పైరంగు చూసి నమ్మకు. ఆ గుట్టలో గొర్రెతోలు కప్పుకున్న తోడేళ్ళు ఉంటాయి. రెండే కాళ్ళున్న పెట్టె కనబడిందా, అది ట్రాన్స్‌ఫార్మరు కాదు, చోకు. కరెంటులో గతుకులు సాపు చేసేది. దాచిపెట్టు, తరవాత కావాలి. విమానాల్లోంచి ఊడదీసినవి కొన్ని చిన్నగా ముద్దుగా అరచేతిలో ఇమిడి, మహా గొప్పలు చెబుతాయి. అవి మన ఇళ్ళ కరెంటుకు పుట్టినవి కావు. తగిలించిన కాసేపటికే పొగ కక్కి చస్తాయి.

ముందు వాసన చూడు. కాలిన వార్నిషు కంపు కొడితే అది సున్నం కొట్టిన సమాధి, అవతల పారెయ్యి. తరవాత కాళ్ళు చూడు. లావుపాటి తీగ బయటికొచ్చిందంటే అది వాల్వు లోపలి ఫిలమెంటును వెలిగించేది, వోల్టులు తక్కువ. తెల్ల పింగాణీ గిన్నెల్లోంచి కాళ్ళు పైకొచ్చాయంటే, అక్కడ చెప్పులు కూడా వేసుకుని నిలబడు. అదే పెద్దది. మీటరు పెట్టి ఏ కాలికి ఏ కాలితో పొత్తుందో జతలు చూసుకో. ఓములు బాగా ఎక్కువ చూపించే జత ఎక్కువ వోల్టులది. సున్నాని ఆనుకుని ఉన్నది ఫిలమెంటుది. నడిమి రకానికి మన ప్లగ్గు.

కానీ ప్లగ్గు ఇప్పుడే పెట్టొద్దు! ఇంటి ముందు మోగే బెల్లుకి బుల్లి ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. దాని చిటికెడు కరెంటు మాత్రం ఇచ్చి, మిగతా జతల్లో ఎంత వస్తోందో కొలువు. ఇచ్చినదానికి ఎన్ని రెట్లు వచ్చిందో చూస్తే పెట్టె గుట్టు తెలిసిపోతుంది. కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి. రెండు చేతులూ బయటపెట్టిన రేడియోవాళ్ళకి నేనే సమాధుల దగ్గర ప్రార్థన చేశాను.

ఏ పెట్టెకి ఎన్ని కాళ్ళు, ఎన్ని ఓములు, అన్నీ రాసి పంపు. నేను చెబుతాను.

నీ కోసం మోకాళ్ళ మీద ఉన్న,
బావ


పాత సామాన్ల యార్డు, కాపలా గది
గురువారం

గురువు బావగారికి,

మీరు చెప్పినట్టే ఒక చెయ్యి జేబులో పెట్టి ఊరంతా తిరుగుతున్నాను. మీ చెల్లెలు "రెండో చెయ్యి కూడా జేబులోనే కదా ఎప్పుడూ ఉండేది" అంటోంది.

ఒక మోస్తరు పెట్టె దొరికింది. పెట్టి చూశాం. ఓనరు చూసి "ఇది కుక్కని కూడా కదిలించలేదు, ఇంకా పెద్దది కావాలి" అన్నాడు. ఆయనకీ ఈ సరదా పట్టుకుంది.

అప్పుడు గుట్ట అడుగున బూడిదరంగుది బయటపడింది. నేనూ లారీ డ్రైవరూ కలిసి పడితే గానీ లేవలేదు. కాలిన కంపు లేదు. పైన మూడు తెల్ల పింగాణీ గిన్నెలు. అటు చివరకీ ఇటు చివరకీ ఓములు మిగతా పెట్టెలన్నిటికంటే ఎక్కువ, మధ్య కాలికి సగం. కింద రెండు జతలు, కవలపిల్లల్లా ఒకే లెక్క. అందులో ఒక జతకి బెల్లు కరెంటు ఇచ్చానో లేదో, మీటరు ముల్లు ఆ చివరికి పోయి టంగున కొట్టుకుంది. మీ చెల్లెలు కెవ్వుమంది.

ఇదేనా మనం వెతికేది?

ఇంకో రెండు సందేహాలు. ఆపకుండా గంటలకొద్దీ వదిలేస్తే చెడిపోతుందా? మనిషి తగిలితే పట్టుకుంటుందా, విసిరేస్తుందా?

మీ శిష్యుడు

అన్నయ్యా, ఇల్లంతా తారు వాసన. ఈయన అన్నం మానేసి ఆ పెట్టె చుట్టూ తిరుగుతున్నారు. రేడియో అంటే ఇంత మోజేమిటో నువ్వే చెప్పాలి. — చెల్లి


ప్రార్థన మందిరం, వెనక గది
సోమవారం

బావా, నా చిన్న సహోదరుడా,

స్తోత్రం! నేను సగం జీవితం వెతికినా దొరకనిది నీ గుట్ట అడుగున పడి ఉంది. కట్టేవాళ్ళు వద్దని పారేసిన రాయే మూలకు తలరాయి అయిందంటారే, అదీ సంగతి. ఆ బూడిదరంగుది ట్రాన్స్‌మిటరు చివరి వాల్వుకి ప్రాణం పోసే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు. నీ మీటరు ముల్లు దెబ్బను బట్టి, పై చివరల మధ్య వేల వోల్టులు వస్తాయి. స్టేషనుల కోసం చేసింది కాబట్టి రాత్రీ పగలూ నడిచినా చెమట పట్టదు.

నిన్న మందిరంలో నీ గురించి చెప్పాను. "మా చెల్లెలి భర్త, ఎగతాళి చేసేవారి బల్ల మీద కూర్చున్నవాడు, లేచి ఇటు నడుస్తున్నాడు" అన్నాను. వెనక బెంచీలో ముసలమ్మ ఏడ్చింది. నాకూ ప్రసంగం మధ్యలో నీళ్ళు తాగాల్సి వచ్చింది. గాల్లో ప్రసంగాలు చెయ్యకూడదని మా లైసెన్సులో ఉందిలే, నీకు ఆ బాధ లేదు. నీతో వాతావరణం గురించే మాట్లాడతాను.

పట్టుకుంటుందా, విసిరేస్తుందా అని అడిగావు. భయమే తెలివికి మొదటి మెట్టు, అడిగినందుకు మెచ్చుకుంటున్నాను. జవాబు వినే మనిషి మిగలడు బావా. అంతే. ఆ పింగాణీ గిన్నెల దగ్గరికి మా చెల్లిని రానీయకు.

కింద ఉన్న రెండు కవల జతల్నీ ఒకదాని తోకకి ఒకటి కలిపి, అప్పుడు ప్లగ్గుకి ఇవ్వాలి. అందులో ఒక మెలిక ఉంది. ఎలా పడితే అలా కలిపితే అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుని ఫ్యూజు ఎగరగొడతాయి. ఆ మెలిక నీ మిగతా సామాను సిద్ధమయ్యాక చెబుతాను. నువ్వు తొందర మనిషివి.

ఇంకో మాట. వాల్వులేవీ? ఫిలమెంటు వెలిగించే పెట్టె ఏది? చోకు దొరికిందా? వాటి ఊసే ఎత్తలేదు నువ్వు. గుండె దొరికింది కానీ ఊపిరితిత్తులు వద్దన్నట్టుంది నీ వరస.

బావ


పాత సామాన్ల యార్డు, కాపలా గది
శుక్రవారం

గురువు బావగారికి,

వాల్వులు తరవాత చూసుకుందాం. ముందు తీగ సంగతి తేలాలి. మీరు ఏరియల్ అంటారే, అది.

వాన పడితే కర్ర గుంజల మీదనుంచి కరెంటు నేలలోకి కారిపోతుందా? గుంజకీ తీగకీ మధ్య మీరు చెప్పే పింగాణీ గిన్నెలే పెట్టాలా, గాజు సీసా మెడలు సరిపోతాయా? ట్రాన్స్‌ఫార్మరు ఒక చివర తడి నేలలో పాతిపెట్టి, రెండో చివర తీగకి ఇస్తే చాలా? తీగలు రెండు వరసలు కడుతున్నాం. ఒకటి మోకాలి ఎత్తున, ఒకటి ఛాతీ ఎత్తున. పొడవు విరిగిన గోడ మేరకి. సరిపోతుందంటారా?

మొన్న మళ్ళీ ఒక చుట్ట పోయింది. ఓనరు కాపలా గదిలోకి వచ్చి మా సామాను వంక చూసి, గుమ్మానికి వేలాడే తాళం ఒకసారి ఊపి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

కవల జతల మెలిక ఈసారి తప్పకుండా రాయండి.

మీ శిష్యుడు


ప్రార్థన మందిరం, వెనక గది
మంగళవారం

యార్డు కాపలాదారు గారికి,

తమరి ఉత్తరం అందింది. ఒకసారి చదివి, గుంజలకి పింగాణీ మంచిదని జవాబు రాయడం కూడా మొదలుపెట్టాను. మోకాలి ఎత్తు దగ్గర నా కలం ఆగిపోయింది.

ఏ రేడియోవాడు ఏరియల్ మోకాలి ఎత్తున కడతాడు? మేం చెట్లెక్కుతాం, మేడలెక్కుతాం, పక్కింటివాళ్ళ కాళ్ళు పట్టుకుని వాళ్ళ డాబా ఎక్కుతాం. ఏరియల్‌కి ఆకాశం కావాలి. మోకాలూ ఛాతీ కావలసింది దేనికో నాకు అర్థమైంది. వాల్వులు ఎందుకు లేవో, చోకు ఎందుకు అక్కర్లేకపోయిందో, పట్టుకుంటుందా విసిరేస్తుందా అని ఎందుకు అడిగారో, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

మీరు మనిషిని చంపడానికి కంచె కడుతున్నారు. గురిపెట్టడం నేర్పింది నేను. నా నోట ప్రభువు పేరు పలికిస్తూ, ఉత్తరం వెనక ఉత్తరం రాయించుకుని, నాతోనే కత్తి నూరించుకున్నారు. మందిరంలో మీ కోసం ఒక ముసలమ్మ ఏడ్చిందని రాశాను, చదివి నవ్వుకున్నారా?

తమ్ముడు ఏడని దేవుడు అడిగితే "వాడికి నేను కాపలావాణ్ణా" అన్నాడు మొదటి హంతకుడు. మీరు కాపలావాళ్ళే కదా. రాగికి కాపలా, మనిషికి కాదు. ఆ తీగ కింద దూరేది ఎవరు? చెప్పండి! గుప్పెడు రాగి ఏరుకునే ఆడమనిషి. తప్పిపోయిన మేకని వెతుక్కునేవాడు. హాల్టులో దిగి దగ్గరదారని అటు నడిచేవాడు. సిలువ మీద ప్రభువు పక్కన వేలాడింది ఎవరు? దొంగ! ముందుగా పరలోకం తలుపు తెరుచుకున్నది ఎవరికి? దొంగకే! ఆ మనిషికి మీరు నిప్పుతీగ కడతారా?

మెలిక చెప్పను. ఆ పెట్టె పగలగొట్టి రాగి కింద అమ్ముకోమనండి మీ ఓనరుని.

ఈసారి ఉత్తరం కింద మా చెల్లి రాసిన రెండు ముక్కలు లేవు. ఎందుకు?


పాత సామాన్ల యార్డు, కాపలా గది
ఆదివారం

బావగారికి,

తిట్టారు. పడ్డాను. నవ్వుకోలేదు. ఆ ముసలమ్మ సంగతి చదివినరోజు ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని తిరిగాను, నమ్మితే నమ్మండి.

మీకు నిజం రాసి ఉంటే ఒక్క ముక్క చెప్పేవారా? చెప్పరు. అందుకే రేడియో అన్నాను. ఓనరుకి మీ సంగతి నేనే నోరుజారి చెప్పాను, "మా బావకి ఈ పెట్టెల భాష వచ్చు" అని. గొప్పకి పోయి చెప్పాను. అప్పటినుంచి వదల్లేదు. "నీ బావతో రాయించు, లేకపోతే గది తాళం ఇచ్చెయ్" అన్నాడు. మాకు ఇంకో గది లేదు బావగారూ. మీ చెల్లెల్ని తీసుకుని ఏ గోడ నీడకి పోను?

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. పళ్ళు కుట్టుకుంటూ అంతా విని, "మీ బావ గ్రంథంలోనే ఉందిగా, చీకట్లో కన్నం వేసే దొంగ దెబ్బకి చస్తే కొట్టినవాడి మీద రక్తదోషం లేదని. అడుగు" అన్నాడు. అడుగుతున్నాను. ఉందా?

తీగ కట్టేశాం. పెట్టె కాపలా గదిలో, నా మంచం పక్కనే. మీరు చెప్పినట్టే అయింది. జతలు కలిపి మీట వేస్తే టప్పున ఫ్యూజు పోతోంది. మళ్ళీ వేస్తే మళ్ళీ పోతోంది. పెట్టె తగలడిపోతుందేమోనని ఓనరుకి భయం పట్టుకుంది. మీ జవాబు వచ్చేదాకా ముట్టుకోవద్దన్నాడు. ఎదురుచూస్తున్నాం. వద్దంటారో చెబుతారో, త్వరగా రాయండి.

మీ చెల్లెలు నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టి అటు తిరిగి కూర్చుంటోంది. కాగితం ఇస్తే తీసుకోలేదు.

బావ


ప్రార్థన మందిరం, వెనక గది
బుధవారం

బావా,

మళ్ళీ బావా అనే పిలుస్తున్నాను. నిన్న రాత్రంతా నీ మీద కోపంతో ప్రార్థించాను, తెల్లారేసరికి కోపం పోయి నువ్వు మిగిలావు.

ఉంది. మీ ఓనరు చెప్పిన మాట ఉంది. దాని తరవాతి మాట కూడా ఉంది, అది ఆయన మింగేశాడు. సూర్యుడు ఉదయించాక ఆ దొంగని చంపితే చంపినవాడి మీద రక్తదోషం ఉంటుంది. ఎందుకు? వెలుతురులో వాడి మొహం కనిపిస్తుంది కాబట్టి. వాడూ ఒక తల్లి బిడ్డేనని తెలుస్తుంది కాబట్టి. మీ తీగకి కళ్ళున్నాయా? పగలేదో రాత్రేదో దానికి తెలుసా? దొంగెవరో బాటసారి ఎవరో మీ బూడిదరంగు పెట్టె అడిగి పట్టుకుంటుందా?

ఉత్తరాలతో ఈ పని కాదు. నేను వస్తున్నాను. ఈ ఉత్తరం ఇవాళ్టి పోస్టులో పడుతుంది, నాకంటే ముందే నీకు అందుతుంది. రేపు రాత్రి బండి ఎక్కి శుక్రవారం పొద్దున్న హాల్టులో దిగుతాను. సూర్యుడు బాగా పైకొచ్చాకే వస్తాను, మీ ఓనరు నా మొహం స్పష్టంగా చూడాలి. ఇంటికి రాను. గేటుకీ రాను. అడ్డదారినే వచ్చి విరిగిన గోడ దగ్గర ఆ తీగకి వీపు ఆనించి కూర్చుంటాను. అక్కడే ఉపవాసం, అక్కడే ప్రార్థన. మీటరు తీసుకురావడంలేదు. స్క్రూడ్రైవరు కూడా తేను. వాక్యం ఒక్కటే చేతిలో ఉంటుంది. మెలిక నా నోట్లో ఉంది. అది లేకుండా ఆ పెట్టె మూగది, అందుకే నాకు భయం లేదు. మెలిక కావాలంటే మీ ఓనరు వచ్చి నా ఎదురుగా నిలబడి అడగాలి. తీగ మీద ఎవరి వీపు ఉందో చూస్తూ అడగాలి. అడగలేడు. మనిషి మొహం చూస్తూ అడగలేడు బావా, ఎంత రాతిగుండె అయినా.

గది పోతుందని భయపడకు. ఈ వెనక గది చిన్నదే. నా రేడియో బల్ల తీసేస్తే మీ ఇద్దరి మంచం పడుతుంది. తీసేస్తాను. ట్రాన్స్‌మిటరు ఎవరికైనా ఇచ్చేస్తాను. చెల్లితో చెప్పు, అన్నయ్య వస్తున్నాడని. ఆ ఒక్క మాటా చెప్పు, తను అటు తిరిగి కూర్చున్నా సరే.

బావ


పాత సామాన్ల యార్డు, కాపలా గది
గురువారం

బావగారికి,

మీ జవాబు కోసం రోజూ గేటు దగ్గరే నిలబడ్డాను. ఇవాళ పోస్టుమాన్ రాలేదు. కూతురికి ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాడట, వచ్చిన ఉత్తరాలన్నీ సోమవారమే పంచుతారని పోస్టాఫీసులో చెప్పారు. మీరు రాసి ఉంటే అది అక్కడే సంచిలో ఉంటుంది.

మీకు చెప్పకుండా ఉండలేక ఇది రాస్తున్నాను. ఇవాళ మధ్యాహ్నం ఓనరుకి ఓపిక పోయింది. "పోతే పోయింది, ఒక జత తిరగేసి కలుపు" అన్నాడు. తిరగేశాను. మీట వేశాను. ఫ్యూజు పోలేదు.

మెలికంటే ఇంతేనా బావగారూ? నేనేదో పెద్ద విద్య అనుకున్నాను.

పెట్టె సన్నగా మూలుగుతోంది. కింది తీగ మీద వాలిన కాకికి ముందు ఏమీ కాలేదు. రెండో కాకి కింది తడిగడ్డి మీదనుంచి దాన్ని ముక్కుతో పొడిచి చూసింది. రెండూ ఇప్పుడు గడ్డిలో చచ్చిపడి ఉన్నాయి. ఓనరు అవి చూసి నా భుజం తట్టాడు. "ఇక గది నీదే. పగలు కూడా ఆపొద్దు, వెధవలు పగలు కూడా వస్తారు" అన్నాడు. పగలు ఆపుతానని చాటుగా అనుకున్నాను కానీ, మీటకీ ప్లగ్గుకీ కలిపి ఇనప డబ్బా బిగించి, దాని తాళంచెవి తను పట్టుకుపోయాడు. సోమవారం గానీ రాడు.

మొదటి రోజు ఎవరూ రాకుండా ఉంటే బాగుండును. ఇక్కడివాళ్ళకి ఎలాగో ఒకలా తెలిసిపోతుంది, జాగ్రత్తపడతారు. ఆ వైపు ఒక అట్టముక్క మీద "ప్రమాదం" అని రాసి కడదామని బయల్దేరాను, దగ్గరికి పోలేక దూరంగానే వదిలేసి వచ్చాను. రేపు చూస్తాను.

మీ చెల్లెలు ఇందాక మాట్లాడింది. "మా అన్నయ్య ఉంటే నిన్ను ఈ పని చెయ్యనిచ్చేవాడు కాదు" అంది. అంతే, మళ్ళీ అటు తిరిగింది. మీరు ఒక్కసారి వచ్చి వెళ్ళండి బావగారూ. తిట్టడానికైనా రండి. మీరు నాలుగు మాటలంటే ఆ మీట సంగతి ఏదో ఒకటి చేసే ధైర్యం నాకు వస్తుందేమో.

వచ్చేటప్పుడు మాత్రం ముందుగా ఒక ముక్క రాయండి. హాల్టు దాకా నేనే ఎదురొస్తాను. అడ్డదారిన రాకండి, గేటు వైపు నుంచి తీసుకొస్తాను.

మీ బావ